ముగింపు అనే ఖాళీ ఫైలు

"ఈ కాగితాలు అచ్చేసింది ఎవరండీ?"

షఫీక్ తలెత్తాడు. చిలకలూరిపేట హైవే పక్కన ఉన్న తన డీటీపీ సెంటర్లో అప్పటిదాకా ఎవరిదో శుభలేఖలో ముహూర్తం సరిదిద్దుతున్నాడు. గుమ్మంలో వానకు తడిసిన అమ్మాయి. గొడుగుంది కానీ అది ఆమె తల మీద లేదు, చేతిలోని కాగితాల మీద ఉంది. ఆ ఒక్క సంగతికే అతను సగం పడిపోయాడు.

"నేనేనండీ."

"ట్రంపెట్ కాగితంలో మూడో లైను నుంచి క్లారినెట్ స్వరాలెందుకున్నాయి?"

"అవునా? ఎలా వచ్చాయబ్బా!"

"అది నేను మిమ్మల్నడగాలి. నా పేరు అర్ఫా. బ్యాండు మాస్టర్ ఇమాం హుస్సేన్ గారి మనవరాలిని. గుంటూర్లో ఎంసీఏ చదువుతున్నా."

ఎంసీఏ అనగానే షఫీక్ స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు.

అది రెండు వేల నాలుగు. పేట చుట్టుపక్కల పెళ్లిళ్లకు ఇమాం హుస్సేన్ బ్యాండు పెట్టింది పేరు. నలభై పాటలు, ఎనిమిది వాయిద్యాలు, అన్నీ ఆయన తలలోనూ, పాత నోటు పుస్తకాల్లోనూ ఉండేవి. ఆ ఏడాది పాతవాళ్లు ఐదుగురు ఒక్కసారే మానేశారు. వాళ్ల బదులు కొత్తపట్నం నుంచి జక్రయ్య తన చర్చి బ్యాండు మనుషుల్ని తీసుకొచ్చాడు. వాళ్లు కాగితం చూసి ఏదైనా వాయిస్తారు, కాగితం లేకపోతే ఏదీ వాయించరు. తొమ్మిది రోజుల్లో పర్చూరులో పెద్ద పెళ్లి ఉంది. "అక్కడ పరువు పోతే ఇక వాయిద్యాలు అటకెక్కిస్తా" అని మాస్టారు తేల్చేశారు.

కాగితాల పని షఫీక్ మీద పడింది. ఏదో కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీలో లిలీపాండ్ అనే సాఫ్ట్‌వేర్ అతనికి దొరికింది. స్వరాలను మామూలు అక్షరాల్లో టైపు చేస్తే చాలు, గీతల మీద చుక్కలు పెట్టి సంగీతం పేజీ తయారుచేసి ఇస్తుంది. జక్రయ్య దగ్గర కూర్చుని రెండు వారాల్లో అది నేర్చుకున్నాడు.

"మీ ఫైలు చూపించండి" అంది అర్ఫా.

తెరిచాడు. ఆమె కిందికి జరుపుతూ పోయింది. ఎంత జరిపినా అడుగు కనిపించలేదు.

"ఎన్ని లైన్లండీ ఇది?"

"పదకొండు వేల చిల్లర" అన్నాడు కాస్త గర్వంగా.

"నలభై పాటలూ ఒకే ఫైల్లోనా!"

"ఒకచోటుంటే పోకుండా ఉంటాయని..."

"మీ ఇంట్లో ఉప్పూ, పప్పూ, కిరసనాయిలూ ఒకే డబ్బాలో పోస్తారా?"

"మా అమ్మనడిగి చెప్తానండి."

లామినేషన్ మిషన్ దగ్గర కూర్చున్న షఫీక్ తల్లి మాబూబీ, కొడుకు వంక చూసి నోటికి కొంగడ్డం పెట్టుకుంది. అర్ఫా కూడా నవ్వాపుకోవడానికి కాగితాల వైపు తిరిగింది.

మర్నాటి నుంచి రోజూ వచ్చింది. ఒక్కో పాటకి ఒక్కో ఫోల్డరు పెట్టింది. అందులో క్లారినెట్‌కి ఒక ఫైలు, ట్రంపెట్‌కి ఒక ఫైలు, ఎవరి స్వరాలు వాళ్లవి. పేజీ కొలతలు, అక్షరాల సైజు, బ్యాండు పేరు అన్నీ ఒకే ఉమ్మడి ఫైల్లో పెట్టి, ప్రతి పాటా దాన్నే పిలుచుకునేలా చేసింది.

"తాళం అందరికీ ఒకటే కదా. దాన్ని ఎనిమిది చోట్ల ఎందుకు రాయడం? ఒకచోట రాసి ఎనిమిది చోట్ల పిలవండి" అంది.

ఆమె బ్యాండు పేరులో ఒక అక్షరం దిద్దింది. నలభై పాటల్లో, మూడొందల పైచిలుకు కాగితాల్లో ఆ అక్షరం దిద్దుకుంది. షఫీక్ నోరెళ్లబెట్టాడు. ఇంత పొందిగ్గా ఆలోచించే మనిషిని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆమె జడలో కూడా మూడు పాయలూ సమానంగా ఉంటాయని కనిపెట్టాడు. కనిపెట్టినందుకు మూడు తప్పులు టైపు చేశాడు.

"ఏంటలా చూస్తున్నారు?"

"ఫైళ్లండీ."

"ఫైళ్లు మానిటర్లో ఉన్నాయి."

గురువారం సాయంత్రం ఆమె వెళ్లిపోయాక షఫీక్ ఒకటి గమనించాడు. 'ముగింపు' అని ఒక ఫైలుంది. ప్రతి పాటా చివర్లో దాన్ని పిలుస్తోంది. తెరిస్తే అందులో ఒక్క ముక్క లేదు. పాపం, పని తొందరలో మర్చిపోయినట్టుంది అనుకున్నాడు. పాట అయిపోయిందని చెప్పే లావాటి ముగింపు గీతను అందులో రాసి, నలభై పాటలకూ గీత పడేలా చేసి, మొత్తం అచ్చేశాడు. రేపు రిహార్సల్లో చూసి ఎంత మెచ్చుకుంటుందో అని ఊహించుకుంటూ ఇంటికెళ్లాడు.

శుక్రవారం మధ్యాహ్నం పత్తి జిన్నింగ్ మిల్లు ఆవరణలో రిహార్సల్. ఊరేగింపు పాట గంభీరంగా మొదలైంది. గీత రాగానే జక్రయ్య మనుషులు ఐదుగురూ టక్కున ఆపేశారు. పాతవాళ్లు ముగ్గురూ వాయిస్తూనే ఉన్నారు.

ఇమాం హుస్సేన్ చెయ్యెత్తారు.

"ఎవరాపమన్నారు? మన బ్యాండులో పాట కాగితం మీద ఆగదయ్యా! పెళ్లికొడుకు కారు దిగి నేల మీద కాలు పెట్టాలి, నేను చెయ్యెత్తాలి, అప్పుడాగాలి. మా నాయన కాలం నుంచీ ఇంతే. అర్ఫా, నీకు కూడా తెలీదంటే ఇంకేం చెప్పనే! పర్చూరు వాళ్లకి వేరే బ్యాండు చూసుకోమని కబురు పెడతా."

అర్ఫా మొహం పాలిపోయింది. ఆ ఫైలు ఎందుకు ఖాళీగా ఉందో షఫీక్‌కి అప్పుడు తెలిసింది.

"మాస్టారూ, తప్పు నాది. ఆవిడ ఖాళీగానే ఉంచారు. మర్చిపోయారనుకుని నేనే గీత పెట్టాను."

"నన్నొక్క మాట అడగొచ్చుగా?" అంది అర్ఫా. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

"మీరు మెచ్చుకుంటారని..."

అందరూ వింటున్నారని అన్న తర్వాత గుర్తొచ్చింది. జక్రయ్య దగ్గాడు. మాస్టారు మనవరాలినీ, కుర్రాణ్నీ మార్చి మార్చి చూశారు.

"నలభై పాటలు మళ్లీ దిద్దాలంటే ఎన్నాళ్లు?" అన్నారు.

"ఒక్క లైను తాతయ్యా. ఒక్క ఫైల్లో తీసేస్తే అన్నిట్లోనూ పోతుంది. సాయంత్రానికి కాగితాలిస్తాం" అంది అర్ఫా. ఆ 'ఇస్తాం' విన్నాక షఫీక్‌కి ఊపిరాడింది.

ఆదివారం పర్చూరులో పెళ్లికొడుకు కారు తలుపు బిగుసుకుపోయింది. పావుగంట దిగలేకపోయాడు. ఎనిమిది మందీ ఒక్క స్వరం తప్పకుండా ఆ పావుగంటా మళ్లీ మళ్లీ అందుకుంటూనే ఉన్నారు. కాలు నేల మీద పడింది, మాస్టారు చెయ్యెత్తారు, పాట తెగినట్టు ఆగింది. ఊరంతా ఈలలేసింది.

వాయిద్యాలు సర్దుతుంటే ఇమాం హుస్సేన్ షఫీక్ భుజం మీద చెయ్యి వేశారు. "తప్పు చేసినవాణ్ని చాలామందిని చూశాగానీ, నలుగుర్లో ఒప్పుకున్నవాణ్ని తక్కువ చూశానయ్యా. మీ అమ్మని ఒకసారి మా ఇంటికి రమ్మను."

"ఎందుకు మాస్టారూ?"

"ఎంసీఏ చదువుతున్నదాన్నడుగు, చెప్తుంది."

ఆ తర్వాతి వేసవిలోనే పెళ్లి. పూల కారులో షఫీక్ వచ్చాడు, ముందు అర్ఫా తాతయ్య బ్యాండు. వాళ్ల ఇంటి ముందు కారాగింది. పాట ఎంత బాగుందంటే అతనికి దిగబుద్ధి కాలేదు. అలాగే వింటూ కూర్చున్నాడు. పది నిమిషాలయింది. ట్రంపెట్లవాళ్ల బుగ్గలు ఎర్రబడ్డాయి.

చివరికి జక్రయ్య క్లారినెట్ పక్కనబెట్టి, తన కాగితం కారు కిటికీలోంచి లోపలికి పెట్టాడు. "ఇది చదివి దిగు బాబూ. నలభై పాటలకీ ఇదే అచ్చేసింది మీ ఆవిడ."

పాట చివర, ఇన్నాళ్లూ ఖాళీగా ఉన్నచోట, ఒకే ఒక్క లైనుంది.

'షఫీక్ దిగేదాకా వాయించండి. నేను ఎదురుచూస్తుంటాను.'

షఫీక్ కాలు కింద పెట్టాడు.