వచ్చినట్టు రాసిన సోమవారం

ధర్మపురి కోర్టుకు ఎదురు వరుసలో, ఎరువుల అంగడి మీది మేడలో ఉండేది అన్నామలై వకీలు గది. ఆయన నోటరీ కూడా. ఇంటి పత్రాలు, వీలునామాలు, పేరు దిద్దుకొనే కాగితాలు, అన్నిటికీ అక్కడే ముద్ర పడేది. ఆ గదిలో మాదయ్యకు జీతం లేదు గాని కుర్చీ ఉంది. ఇరవై ఏండ్లుగా అదే కుర్చీ. పత్రాలు రాయడం, అరవంలో రాసినదాన్ని తెలుగువాళ్ళకు తెలుగులో చదివి చెప్పడం, చివర సాక్షిగా సంతకం పెట్టడం ఆయన పని. చుట్టుపక్కల పల్లెల్లో ఇండ్లలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. ఆ ముసలివాళ్ళకు అరవం మాట వచ్చు, అక్షరం రాదు. తెలుగు అక్షరం మొదలే రాదు. మాదయ్య చదివి చెబితేనే వేలు ముందుకు చాచేవాళ్ళు. మాదయ్య చదివినాడంటే దేవుడు చదివినట్టే అని ఒక మాట కూడా ఉండేది. ఆ మాట వింటే ఆయన మీసం కొంచెం కదిలేది.

గదికి ఒకటే కిటికీ. దానికి అడ్డంగా పక్కవాళ్ళు గోడ కట్టేసినారు. కరెంటు పోతే పట్టపగలు కూడా ఎదుటి మనిషి ముఖం తెలియదు. రెండువేల ఎనిమిదో సంవత్సరం అది. రోజూ పదకొండింటికి కరెంటు తీసి ఒంటిగంటకు ఇచ్చేవాళ్ళు.

ఆ ఏడు ఒక శుక్రవారం వెల్లిచందై నుంచి పుట్టమ్మ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. మొగుడు లేడు, బిడ్డలు లేరు. ఎడమకాలు ఈడ్చి ఈడ్చి మెట్లెక్కి, బల్ల మీద కూలబడి, చాలాసేపు ఊపిరి కూడదీసుకొంది. వెంట విజి ఉంది. పదేండ్ల వయసులో కూలికి వచ్చే తల్లి వెంట ఆ ఇంటికి నీళ్ళు మోయను వచ్చి, తల్లి చచ్చిపోతే అక్కడే ఉండిపోయిన పిల్ల. ఇప్పుడు ఇరవై ఐదేండ్లు. పుట్టమ్మ కాళ్ళకు వేపనూనె రాసేదీ, బువ్వ పెట్టేదీ అన్నీ తనే. ఇల్లు విజి పేర రాయాలని పుట్టమ్మ వచ్చింది. మొగుడి అన్న కొడుకు మాదేశన్ ఆ ఇంటికోసం కాచుకొని ఉన్నాడు. ముసలిది కన్ను మూసిన దినమే ఆ కూలిదాని మూట వీధిలో ఉంటుందని నలుగురిలో చెప్పి కూడా ఉన్నాడు.

వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు మాదయ్య, ఒకరు వకీలు. వకీలేమో కేసు మీద మద్రాసు పోయినాడు, వచ్చేది సోమవారమే. మళ్ళీ రమ్మంటే పుట్టమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఇంకొక తూరి ఈ మెట్లు ఎక్కలేనప్పా."

అందుకని మాదయ్య పత్రం రాసి, చదివి చెప్పి, వేలిముద్ర వేయించి, తేదీ ఉండేచోట ఖాళీ విడిచిపెట్టినాడు. సోమవారం వకీలు వచ్చినాక వేసుకొంటాను, పో అక్కా అన్నాడు. అన్ని గదుల్లోనూ జరిగేదే అది. దాన్ని ఎవరూ అబద్ధం అనరు.

ఆదివారం పగలు విజి ఫోను చేసింది. అవ్వ సంగటి తిని, గోడకు ఆనుకొని, అట్లే పోయిందని చెప్పింది. ఇంకా ఎవరికీ తెలియదట. ఏడుపు ఎత్తవచ్చునా అని అడిగింది.

మాదయ్య లెక్క వేసుకొన్నాడు. శుక్రవారం తేదీ వేస్తే వకీలు ఊర్లో లేడని మాదేశన్‌కు తెలుసు. సోమవారం వేయాలంటే సోమవారం దాకా పుట్టమ్మ బ్రతికి ఉండాలి.

"రేపు సాయంత్రం దాకా నోరు కట్టుకో. ఒళ్ళు బాగలేక పండుకొని ఉందని చెప్పు."

"అంతసేపు నేనొక్కదాన్నే ఉండాలనా మామా... అవ్వ పక్కన?"

"ఇల్లు కావాలా, వద్దా?"



సోమవారం పొద్దున వకీలు వచ్చినాడు. మాదయ్య ఖాళీలో తేదీ వేసినాడు. పగలు పదకొండు గంటలకు పుట్టమ్మ తనంతట తాను మా ముందరికి వచ్చి, చదివించి విని, వేలిముద్ర వేసినదని పత్రంలో ఒక వరుస, రిజిస్టరులో ఒక వరుస రాసినాడు. నువ్వు చూసినావు కదా అని వకీలు అడిగినాడు. చూసినానన్నాడు. నువ్వు చూస్తే నేను చూసినట్టే అని వకీలు సంతకం గీకి, ముద్ర కొట్టి, కోర్టుకు పోయినాడు. ఆ సాయంత్రం వెల్లిచందైలో విజి ఏడుపెత్తింది. పంచాయతీ పుస్తకంలో సోమవారం చావు ఎక్కింది. కర్మకు దినాలు సోమవారం నుంచే లెక్కపెట్టినారు. మాదేశన్ పత్రం చూసి పండ్లు నూరి, ఇది దొంగ వీలునామా అని కేసు వేసినాడు.

తరువాతి సోమవారం. వకీలు కోర్టులో ఉన్నాడు. పదకొండింటికి కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి నిలిచిపోయినాయి. కింద అంగడిలో మాటలు కూడా సద్దుమణిగినాయి. మాదయ్య కుర్చీలో వెనక్కి వాలి కునుకు తీయబోతుండగా మెట్ల మీద చప్పుడైంది.

ఒక అడుగు. ఒక ఈడ్పు. మళ్ళీ ఒక అడుగు... ఒక ఈడ్పు.

ఎవరో ముసలివాళ్ళు పత్రం పని మీద వస్తున్నారనుకొన్నాడు. అడుగులు గుమ్మం దాకా వచ్చి ఆగినాయి. వేపనూనె వాసన లోపలికి వచ్చింది. ఆ వెనక ఇంకొక వాసన... రెండు దినాలుగా మూసిపెట్టిన గది వాసన. బల్ల కిర్రుమంది. చీకట్లో తెల్లటి తల మాత్రం కనపడింది.

"చదువప్పా."

మాదయ్య చేతులు వాటంతట అవే సొరుగు తెరిచినాయి. వీలునామా నకలు తీసినాయి. అక్షరం కనపడే వెలుగు లేదు. అయినా చదివినాడు. మొదటి నుంచి చివరి దాకా, ఒక్క మాట పోకుండా. తెల్లటి తల మాట మాటకూ ఊగింది. అయిపోయినాక చెయ్యి ముందుకు వచ్చింది. సిరా మెత్త మీద అద్దేటప్పుడు ఆ వేలు ఆయన వేలికి తగిలింది. చల్లగా లేదు. ఎండుకొబ్బరి చిప్పలాగా ఉండింది, అంతే.

ఒంటిగంటకు కరెంటు వచ్చింది. బల్ల మీద ఎవరూ లేరు. రిజిస్టరులో పోయిన సోమవారం తాను రాసిన వరుస మీద వేలిముద్ర ఒకటి ఇంకా తడిగా ఉంది.

రెండో సోమవారం కూడా అదే జరిగింది. మూడో సోమవారం మాదయ్య గదికి బీగం వేసి హరూర్ బస్సు ఎక్కినాడు. మనుషుల నడుమ ఉంటే రాదులే అని ఆయన మొండి ధైర్యం. బస్సు సగం దారిలో ఉన్నప్పుడు కండక్టరు వెనక నుంచి వచ్చి వంగి అడిగినాడు.

"మీరు తీసుకొన్నారు. అవ్వకు టికెట్టు?"

మాదయ్య పక్కకు తిరగలేదు. వేపనూనె వాసన వచ్చేసింది. చెవి దగ్గరే చదువప్పా అని ఆ మాట వినపడింది. బస్సులో జనం వింతగా చూస్తుండగా కళ్ళు మూసుకొని వీలునామా మొత్తం అప్పజెప్పినాడు. అప్పుడు తెలిసింది ఆయనకు. ఆమె గదికి రావడం లేదు. మా ముందరికి అని రాసింది తానే కదా. తాను ఎక్కడుంటే అక్కడికే వస్తుంది.

ఆ సాయంత్రమే వెల్లిచందైకి పోయి విజితో ఉన్నదున్నట్టు చెప్పినాడు. కోర్టులో నిజం చెప్పేస్తానన్నాడు. విజి నేల చూస్తూ మాట్లాడింది. ఇంట్లో అవ్వ అలికిడి ఒక్కనాడు కూడా లేదంది. ఒక్కసారన్నా రాదా అని రాత్రిళ్ళు తానే కాచుకొని ఉంటానంది. తరువాత తలెత్తింది.

"నీవు మాట మారిస్తే నేను ఎక్కడికి పోదును మామా?"

నిజం చెబితే ఈ పిల్ల వీధిలో పడుతుంది. చెప్పకపోతే పుట్టమ్మ విడవదు. రాసిన చెయ్యి తనదే. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మాదయ్య తిరుగు బస్సు ఎక్కినాడు.

నాలుగో సోమవారం గదిలోనే కూచున్నాడు. వచ్చింది. చదివినాడు. వేలు అద్దించినాడు. ఏమైతే అదైందని గట్టిగా అడిగేసినాడు.

"ఏం కావాలక్కా నీకు?"

చీకట్లో ఊపిరి చప్పుడు కూడా లేదు. అయినా జవాబు వచ్చింది.

"వచ్చినానని రాసినావు. పోయినానని రాయలేదు."

మాదయ్య తడుముకొంటూ రిజిస్టరును దగ్గరికి లాక్కొన్నాడు.

"నాకు ఆ పొద్దు ఇంకా గూకలేదప్పా... నన్నెప్పుడు పొమ్మంటావు?"

మాదయ్య అగ్గిపుల్ల గీసినాడు. పుల్ల వెలుగులో బల్ల వైపు చూడకుండా, ఆమె వచ్చినట్టు రాసిన సోమవారం పుట తీసి, ఆ వరుస కింద మిగిలిన సందులో గబగబా రాసినాడు. పని ముగిసినాక పుట్టమ్మ ఇంటికి పోయినది. కింద సంతకం. పుల్ల వేలిని కాల్చి ఆరిపోయింది.

బల్ల కిర్రుమంది. ఒక అడుగు... ఒక ఈడ్పు. మెట్లు దిగుతున్న చప్పుడు. ఇన్ని సోమవారాల్లో ఆమె దిగడం ఆయన వినడం అదే మొదలు. చప్పుడు వీధిలో కలిసిపోయినాక మాదయ్య చెంబెడు నీళ్ళు తాగి, చిన్నపిల్లవాడి మాదిరి ఏడ్చినాడు. ఆ రాత్రి నెల దినాల నిద్ర ఒక్కసారిగా నిద్రపోయినాడు.

మంగళవారం మాదేశన్ తరపు వకీలు అడిగితే రిజిస్టరును కోర్టుకు అప్పగించినారు. వచ్చినదీ రాసి ఉంది, పోయినదీ రాసి ఉంది, ఇంక ఎవరు కాదంటారని అన్నామలై వకీలు మాదయ్య భుజం తట్టినాడు.

బుధవారం సాయంత్రం మెట్ల కింద పంచవర్ణం నిలబడి ఉంది. విజికి పక్కింటి మనిషి, ఇద్దరూ కలిసే కూలికి పోతారు. విజి సోమవారం పగటి నుంచి పనికి రాలేదని, తలుపు తెరవలేదని చెప్పింది. లోపల గిన్నెల చప్పుడు వస్తుందట, పిలిస్తే పలకదట.

ఇంటికి పోయినది.

మాదయ్యకు తన అక్షరాలు కళ్ళ ముందర నిలిచినాయి. ఎక్కడికో ఒకచోటికి పోయినదని రాసి ఉండవచ్చు. వట్టిగా పోయినది అని విడిచిపెట్టి ఉండవచ్చు. ఇప్పుడు కొట్టివేయాలంటే పుస్తకం కోర్టు బీరువాలో ఉంది. జడ్జి చెప్పనిదే ఆ బీరువా తెరిచేవాళ్ళు లేరు. ఏమని అడుగుతాడు, ఎవరిని అడుగుతాడు?

ఇద్దరూ వెల్లిచందైలో బస్సు దిగేసరికి పూర్తిగా చీకటి పడింది. వీధి దీపాలు వెలిగినాయి. మాదయ్య తలుపు దగ్గరికి పోయి పేరు పెట్టి పిలిచినాడు. ఆయనకు మాత్రం జవాబు వచ్చింది.

"మామా? ఉండు, అవ్వకు బువ్వ పెడతాండాను."

గొంతులో భయం లేదు. అలసట కూడా లేదు.

"విజీ... ఈపొద్దు ఏ వారమమ్మా?"

"సోమవారం కదా. అవ్వ ఇప్పుడే వకీలు కాడి నుంచి వచ్చింది."

"తల్లీ, ఆ మెతుకులు అక్కడ పెట్టి ఒక్కసారి బయటికి రా."

లోపల ఎవరో ఏదో గుసగుసలాడినారు. విజి మెల్లగా నవ్వింది.

"ఇల్లు విడిచిపెట్టి ఎందుకు వస్తాను మామా? నీవే కదా నా పేర రాసింది."

మాదయ్య తలుపును రెండు చేతులా తోసినాడు. భుజంతో తోసినాడు. లోపల గడియ వేసినట్టు లేదు, అయినా కదల్లేదు. ఊరివాళ్ళను పిలవాలంటే ఏమని చెప్పి పిలవాలి? చివరికి తలుపు రెక్కల నడుమ సందులో కన్ను పెట్టినాడు.

లోపల ఎండ కాస్తున్నది. తెల్లటి, కళ్ళు చెదిరే, పగలు పదకొండు గంటల ఎండ.

వెనక నుంచి పంచవర్ణం, చీకట్లో కంటికి చెయ్యి అడ్డం పెట్టుకొన్నావెందుకని అడిగింది.