తోడబుట్టినవాడి సాక్ష్యం

శుక్రవారం పొద్దున. సౌదీలోని రాబిగ్‌లో రిఫైనరీ డ్యూటీ లేని రోజు. తెరేజ వంటింట్లో పెసరట్లు పోస్తోంది. హాల్లో భర్త ఇన్నారెడ్డి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫోన్‌ని గోడకి ఆనించి గొంతు సవరించుకుంటున్నాడు. సెలవు రోజున బనీను వదలని మనిషికి ఈ ముస్తాబు ఏమిటా అని ఆమె తొంగి చూసింది.

"మా ఊరి చర్చి విచారణ పెద్దలందరికీ వందనాలు. మా అక్క లూర్దమ్మ ఎమ్మెల్యే అయినా సరే, తప్పు తప్పే. గుళ్లో ఆమెకి దివ్యసత్ప్రసాదం ఇవ్వొద్దని తోడబుట్టినవాడిగా నేనే అడుగుతున్నా..."

తెరేజ అట్లకాడతోనే వచ్చి ఫోన్ లాక్కుంది.

"ఏంటండీ ఈ కూతలు? తల్లి లేని మిమ్మల్ని సాకిన మనిషి మీదా?"

లూర్దమ్మ టీవీలో అన్న మాటకి గుంటూరు దగ్గర వాళ్ల ఊరు అట్టుడికినట్టు ఉడుకుతోంది. "కడుపు తీయించడం పాపమనే నమ్ముతా. అది నా విశ్వాసం. కానీ చావుబతుకుల్లో ఉన్న ఆడదాని మీదికి పోలీసును పంపే చట్టానికి నా చెయ్యి లేవదు" అందామె. గిట్టనివాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? ఇంటివాడి చేతే రాయి వేయిద్దామని ఇన్నారెడ్డికి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఈయనగారు ఉబ్బిపోయి ఒప్పుకున్నారు.

"సాకింది కాబట్టే సిగ్గేస్తోంది! మొదటి వరుసలో మోకరిల్లే మనిషి, ఓట్ల కోసం బిడ్డల ప్రాణాలు అమ్ముకుంటుందా?"

"ఈ దేశంలో మనం తలుపులు బిగించి, తెరలు వేసుకుని జపమాల చెప్పుకోవట్లా? వాళ్ల చట్టం వాళ్లది, మన నమ్మకం మనదని బతకట్లా? అదే మాట వదిన అంటే పాపమైపోయిందా?"

"తెరచాటు జపమూ బిడ్డ ప్రాణమూ ఒకటేనటే? నోరులేని బిడ్డ తరఫున ఎవడో ఒకడు మాట్లాడాలి. ఆమెకి బిడ్డ లెక్కలోకే రాదు. తనూ ఓ బిడ్డని కనుంటే తెలిసేది!"

తెరేజకి ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి దాచుకున్నది ఇక ఆగలేదు. పొయ్యి మీద అట్టు మాడుతున్నా ఆమె కదలలేదు.

"మన మొదటి కడుపు దానంతట అదే పోయిందని చెప్పాం మీకు. అబద్ధం."

"ఏంటి?"

"అప్పుడు నేను ఊళ్లో, మీరిక్కడ. ఐదో నెలలో ఉమ్మనీరు పోయింది. ఒళ్లంతా విషమెక్కి జ్వరంతో కాలిపోతున్నా. బిడ్డ గుండె కొట్టుకుంటూనే ఉంది. ఇప్పుడే కాన్పు చేయకపోతే తల్లి దక్కదు, చేస్తే బిడ్డ దక్కదు అన్నారు డాక్టర్లు. మీకు చేస్తే, ప్లాంటు లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరాయె! గేటు దగ్గర లాకర్లో మోగి మోగి ఆగిపోయింది. నాకు స్పృహ లేదు. 'మా మరదల్ని బతికించండి' అని చెప్పింది వదినే."

ఇన్నారెడ్డి గోడకి చేరబడ్డాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"ఆమె చెప్పనిస్తేనా? 'వాడు ఒంటరిగా కుమిలి చస్తాడు, ఆ బరువు నేనే మోస్తా' అంది. బిడ్డ లెక్కలోకి రాదా? అరచేతిలో పట్టేంత పిల్లాడంట. ఇంకా ఊపిరుందని నర్సు అనగానే, ఫాదర్ వచ్చేదాకా ఆగడేమోనని, మంచినీళ్ల సీసా తీసి తనే వాడి తల మీద పోసి జ్ఞానస్నానం ఇచ్చింది. పేరు పెట్టింది. సమాధుల తోటలో మీ నాన్న పక్కన పడుకోబెట్టింది. ఇప్పుడు తీయండి మీ వీడియో! ఆ చేతికి సత్ప్రసాదం పెట్టొద్దని చెప్పండి!"

"ఏం పేరు?" అన్నాడతను.

"రాయప్ప. మామయ్య పేరే."

తండ్రి పేరు వినగానే ఇన్నారెడ్డి నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. తెరేజ ఓదార్చలేదు. కోపం ఇంకా దిగలేదు ఆమెకి. కాసేపటికి అతను చెయ్యి చాపితే ఫోన్ మాత్రం ఇచ్చింది. తీసిన వీడియో చెరిపేసి, అతను అక్కకి ఫోన్ చేశాడు.

"ఏరా ఇన్నయ్యా, తిన్నావా?" అంది లూర్దమ్మ.

"అక్కా, ఆ చట్టం మాట నేను ఒప్పుకోను. దాని మీద నీతో పోట్లాడతా."

"పోట్లాడరా. ఎవరొద్దన్నారు?"

"అక్కా... వాడు ఏడ్చాడా?"

తెరేజ వచ్చి భర్త పక్కన కూర్చుంది.

"లేదురా," అంది లూర్దమ్మ. "వాడికంత బలం లేదు. నేనే ఏడ్చా."