ఎనిమిది గంటల ఫ్లెక్సీ

తెలంగాణ తల్లి విగ్రహం ఎడమ చెయ్యి నేల మీద పడి ఉంది.

అక్టోబరు 2011. సకల జనుల సమ్మె ఇరవై తొమ్మిదో రోజు. ఉదయం 5.50. కొత్తపేటలో ఒక సందు మొగ. మొదట చూసింది పూలమ్మే కిష్టమ్మ. గంప దించబోతూ, దుమ్ములో మక్క కంకులు పట్టుకున్న చెయ్యి చూసి లబోదిబోమంది.

ఎస్సై సిద్దిరాములు వచ్చేసరికి 6.20. అప్పటికి కరెంటు పోయి ఇరవై నిమిషాలు. గనుల్లో బొగ్గు తీయడం ఆగిపోయింది మరి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రోజూ ఆరు నుంచి పది వరకు కోత. స్టేషన్ సిబ్బందంతా బందోబస్తుకు పోయారు. మిగిలింది తను, కానిస్టేబుల్ శ్రీకళ.

సిద్దిరాములుది నల్లగొండ జిల్లా. రాష్ట్రం రావాలని అతనికీ ఉంది. ఒంటి మీద ఖాకీ ఉంది కాబట్టి నోరు కట్టేసుకున్నాడు. టోపీ తీసి ఆ చెయ్యి పక్కన వంగాడు.

ప్లాస్టర్ చెయ్యి. లోపల సన్నటి చువ్వ. విగ్రహం మెడలో నిలువెత్తు బంతిపూల దండ, ఒక పక్కకు జారి వేలాడుతోంది. సుత్తి లేదు, రాయి లేదు. సాక్షి అంతకన్నా లేదు.

"ఎవరన్న అనుమానం ఉందా అమ్మా?"

"నాకేమెర్క సారూ? నేనొచ్చేసరికే పడి ఉన్నది. ఎంబడే లింగస్వామికి ఫోన్ చేసిన."

లింగస్వామి కాలనీ జేఏసీ కన్వీనర్. ఉద్యమంలో మూడుసార్లు అరెస్టయి వచ్చిన మనిషి. కళ్లు ఉబ్బిపోయి, విగ్రహం కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

ఉదయం 9.10. స్టేషన్‌లో ఫ్యాన్ తిరగడం లేదు. కంప్యూటర్ చచ్చిపడి ఉంది. శ్రీకళ తన సెల్‌ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది.

"సార్, కేసు అయిపోయిందంట."

"ఎవలు జేసిండ్రు?"

"నెట్ల జేసిండ్రు సార్."

మాటామంతి అని ఒక వెబ్‌సైట్. అక్కడ పగలూ రాత్రీ ఒకటే చర్చ. రాష్ట్రం ఇవ్వాలి, ఇవ్వకూడదు. మొహం తెలియని మనుషులు, దొంగ పేర్లు. ఉదయం 6.40కి ఎవరో ఒక ఫొటో పెట్టారు. నిన్న సాయంత్రం 7.40కి తీసింది. విగ్రహం పక్కన స్టూలెక్కి, చెయ్యి పైకి చాపిన ఒక మనిషి. వెనక హోటల్ బోర్డు. గోదావరి టిఫిన్స్.

అంతే. గంటలో నాలుగు వందల కామెంట్లు.

'పోరుబిడ్డ' అనేవాడు బోర్డును పెద్దది చేసి, దాని మీదున్న ఫోన్ నంబరు అందరికీ పంచాడు. 'కృష్ణాతీరం' అనేవాడు ఆ స్టూలెక్కినవాడికి జేజేలు కొట్టాడు. ఏ పక్షమూ లేదని చెప్పుకునే 'కామన్ మ్యాన్' ఏయే సెక్షన్లు పెట్టాలో వరసగా రాశాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో సిద్దిరాములుకు నోటికి రాని సెక్షన్లవి.

కింద ఇంకో ఫొటో. విగ్రహం పక్కనే కట్టిన కొత్త ఫ్లెక్సీ. తీసిన టైము పొద్దున 8.05. 'తల్లి చెయ్యి విరగ్గొట్టిన ద్రోహులను శిక్షించాలి.' అందులో తల్లి కన్నా లింగస్వామి మొహమే పెద్దది. దాని కింద మూడు వందల శాపనార్థాలు.

చివర్న ఒక పిలుపు. సాయంత్రం నాలుగింటికి గోదావరి టిఫిన్స్ ముందు ర్యాలీ.

సీఐ ఫోన్.

"ఏమయ్యా, ఫొటో ఉంది, మనిషి ఉన్నాడు. ఇంకా ఎత్తుకురాలేదేం?"

"సార్, స్టూలెక్కిండు అంతే. ఇరగ్గొట్టినట్టు లేదు."

"ఊరంతా తేల్చేసింది. నువ్వొక్కడివే లేటు. నాలుగింటి లోపు అరెస్టు చూపించు. లేకపోతే ఆ హోటల్ మిగలదు, నీ పోస్టింగూ మిగలదు."

సిద్దిరాములు ఫోన్‌ను బల్ల మీద గిరాటేశాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, ఇక మీదట ప్రతి కేసుకూ ఈ నెట్ జనాన్ని వెంటేసుకు తిరగాలి కాబోలు.

9.40. హోటల్ షట్టర్ సగం దించి ఉంది. లోపల ఫొటోలోని మనిషి, హోటల్ యజమాని బాపిరాజు ఉన్నాడు. యాభై ఐదేళ్లుంటాయి. పాలకొల్లు దగ్గర నుంచి వచ్చి పంతొమ్మిదేళ్లయింది. గ్రైండర్‌లో నానిన మినప్పప్పు అలాగే ఉంది. చేతిలో ఫోన్ మోగుతోంది. కట్ చేశాడు. మళ్లీ మోగింది.

"స్టూలెందుకు ఎక్కినవ్?"

"బల్బు తీగ కోసమండి. సాయంత్రం దండ వేసినప్పుడు మా తీగ అందులో చిక్కుకుంది. లాగి తీశానండి."

"చెయ్యి ముట్టినవా?"

"లేదండి."

"అప్పుడు చెయ్యి బాగనే ఉన్నదా?"

బాపిరాజు గ్రైండర్ వైపు చూశాడు.

"అడుగుతున్న కదా!"

"చీకటండి. సరిగా చూడలేదు."

అబద్ధం. ఆ సంగతి సిద్దిరాములుకూ తెలుసు, బాపిరాజుకూ తెలుసు. ఎస్సైకి ఒళ్లు మండిపోయింది. ఇతన్ని కాపాడదామని తను తలకిందులవుతుంటే, ఇతనేమో నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు మాట్లాడుతున్నాడు.

ఫోన్ మళ్లీ మోగింది.

"ఎవరు? తిడుతున్నరా?"

"తిట్టేవాళ్లు సగమండి." బాపిరాజు మొహం తిప్పుకున్నాడు. "మిగతా సగం గురించి అడక్కండి."

10.15. కరెంటు వచ్చింది. హోటల్‌కు ఎదురుగా మొదటి అంతస్తులో నగేశ్ నెట్ సెంటర్ అప్పుడే తెరిచారు. పొద్దున సెల్‌ఫోన్ నుంచి ఫొటో పెట్టింది నగేశేనని శ్రీకళ కనిపెట్టింది. కిటికీలోంచి చూస్తే విగ్రహం సరిగ్గా అదే కోణంలో కనబడుతోంది.

"ఎందుకు తీసినవ్?"

"దండ ఏసినంక మస్తు మంచిగ కనబడుతున్నదని తీసిన సార్. ఆయన నడుమల పడ్డడు."

"మరి నెట్ల ఎందుకు పెట్టినవ్?"

"నేనేమన్న ఆయన ఇరగ్గొట్టిండన్ననా సార్? 'నిన్న 7.40కి ఇక్కడ ఎవరు?' అని అడిగిన, అంతే. మిగిలింది ఆళ్లే అన్నరు."

అసలు ఫొటోను పెద్ద తెర మీద పెట్టించాడు సిద్దిరాములు. నాలుగు వందల మంది బాపిరాజు మొహాన్నే చూశారు. ఎస్సై విగ్రహాన్ని చూశాడు. దండ మెడలో ఊరికే వేసినట్టు లేదు. ఎడమ భుజం చుట్టూ మూడు చుట్లు తిప్పి, గట్టిగా బిగించి ఉంది. పూల మధ్య సన్నగా ఏదో మెరుస్తోంది.

కిందికి దిగి విగ్రహం దగ్గరికి వెళ్లాడు. జారిన దండను విప్పాడు. లోపల బైండింగ్ వైరు. ఫ్లెక్సీలు కట్టే వైరు.

పక్కనున్న ఫ్లెక్సీని పైనుంచి కిందిదాకా చదివాడు. మూలన చిన్న అక్షరాల్లో ప్రింటింగ్ షాపు పేరు, నంబరు. అది రాసుకున్నాడు.

"కిష్టమ్మా, గీ ఫ్లెక్సీ ఎన్నింటికి కట్టిండ్రు?"

"ఎనిమిది కొట్టంగనే కట్టిండ్రు సారూ."

ఆ రోజు మొదటిసారి సిద్దిరాములు కాస్త ఊపిరి పీల్చుకున్నాడు.

మధ్యాహ్నం 3.30. గోదావరి టిఫిన్స్‌లో ఐదుగురు కూర్చున్నారు. బాపిరాజు, నగేశ్, కిష్టమ్మ, లింగస్వామి. ఐదో మనిషి, అదే కోతలో ఉండే చైతన్యపురిలో ఫ్లెక్సీలు కొట్టే జంగయ్య. బయట అప్పుడే జనం చేరుతున్నారు. డప్పుల మోత షట్టర్‌ను అదరగొడుతోంది.

"లింగస్వామన్నా, చెయ్యి ఇరిగినట్టు నీకు ఎప్పుడు తెల్సింది?"

"పొద్దున ఆరింటికి. కిష్టమ్మ ఫోన్ జేసింది."

"ఫ్లెక్సీ ఎప్పుడు చెప్పినవ్?"

"గప్పుడే. ఎంబడే."

"ఎనిమిదికి కట్టినవ్."

"అవు సార్. రెండు గంటలల్ల కొట్టిచ్చిన."

"ఏం కరెంటుతోని?"

లింగస్వామి జంగయ్య వైపు చూశాడు.

"ఆరు నుంచి పది దాకా నా స్టేషన్ల ఫ్యాన్ తిరగలే. నగేశ్ దుకాణం తెరవలే. ఈయన గ్రైండర్ ఆడలే. నీ ఫ్లెక్సీ మెషిన్ ఒక్కటే ఎట్ల తిరిగింది?"

"జనరేటర్..."

"నా కాడ జనరేటర్ యాడిది అన్నా?" జంగయ్య అందుకున్నాడు. "నిన్న సాయంత్రం ఏడుంబావుకు నువ్వే ఫోన్ జేస్తివి. ఎనిమిదిన్నరకు కొట్టిచ్చిన. యాడనో ఇంకో విగ్రహం ఇరిగిందేమో అనుకున్న. గీ సమ్మెల దినాం ఇరవై కొడుతున్నం, అడిగే ఓపిక ఎవనికున్నది?"

సిద్దిరాములు బైండింగ్ వైరును బల్ల మీద పెట్టాడు.

"లోకానికి పొద్దున 5.50కి తెల్సింది. నీకు నిన్న 7.15కే తెల్సు. గా ఫ్లెక్సీ కింద మూడు వందల మంది తిట్లు రాసిండ్రు. అది ఎప్పుడు అచ్చయిందని ఒక్కడు అడగలే. కిష్టమ్మా, నిన్న దండ ఎవలేసిండ్రు?"

"లింగస్వామే ఏసిండు. ఐదున్నరకు. నేను ఇంటికి పోతుంటె నా కాడనే కొన్నడు."

లింగస్వామి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"నిచ్చెన జారింది సార్. పడకుండ తల్లి చెయ్యి పట్టుకున్న. పటుక్కుమన్నది. నా పానం పోయినట్టే అయింది. వైరుతోని కట్టి, దండ చుట్టిన. పొద్దుటిదాంక ఆగదని తెల్సు. ఎవరన్న నన్ను అడిగేలోపల నేనే ముందుగాల మాట్లాడాలె అనుకున్న. మూడుసార్లు జైలుకు పోయినోన్ని, నా చేతులల్లనే ఇరిగిందని ఎట్ల చెప్పుదు?"

"అందుకని ఈయన మీదికి తోసినవా?"

"నేను పేరు చెప్పలే సార్! నా ఫ్లెక్సీల పేరే లేదు. దినాం ఈయన చేతి పెసరట్టే తింట నేను."

"ఎవ్వలు చెప్పలే. నగేశ్ ఊరికే అడిగిండు. నువ్వు ఊకున్నవ్. నెట్ల ఉన్నోళ్లకు ఈయనెవరో తెల్వనే తెల్వదు. ఇంతమంది కలిసి ఈయన దుకాణానికి ఎసరు పెట్టిండ్రు." సిద్దిరాములు బాపిరాజు వైపు తిరిగాడు. గొంతులో చిరాకు దాగలేదు. "నువ్వు సూసినవ్ కదా? నిన్ననే సూసినవ్. ఎందుకు చెప్పలే?"

"చూశానండి. తీగతో కట్టి ఉంది." బాపిరాజు నెమ్మదిగా అన్నాడు. "చెబితే నేనే విరగ్గొట్టానంటారు. చెప్పకపోయినా అన్నారు."



నాలుగింటికి లింగస్వామి బయటికెళ్లి మైకు పట్టుకున్నాడు. నా చేతులల్లనే ఇరిగింది, బాపిరాజన్న తప్పేం లేదు అని చెప్పి ఏడ్చాడు. డప్పులు ఆగిపోయాయి. కొందరు తిట్టారు. ఇద్దరు పెద్దమనుషులు విరిగిన చెయ్యిని కండువాలో చుట్టి శిల్పి దగ్గరికి తీసుకుపోయారు. నాలుగున్నరకల్లా సందు ఖాళీ.

శ్రీకళ మాటామంతిలో జరిగిందంతా ఓపికగా రాసింది. పది నిమిషాలకు మూడు జవాబులు వచ్చాయి.

'పోలీసోళ్లకు ఎంత ముట్టింది?' అని పోరుబిడ్డ.

'బెదిరించి ఒప్పించారు' అని కృష్ణాతీరం.

'ఇది పాత న్యూస్, వేరే టాపిక్ చూడండి' అని కామన్ మ్యాన్.

"సార్, ఏం రాయమంటరు?"

"ఏం రాయకు." సిద్దిరాములుకు ఆ ఫోన్‌ను మోరీలో పారేయాలనిపించింది.

5.05. బాపిరాజు ఫోన్ మోగింది. ఈసారి కట్ చేయలేదు. ఎస్సై చేతికిచ్చాడు.

"మీరే వినండి. పొద్దున అడగొద్దన్నానే, ఆ రెండో సగం."

అవతల పెద్దాయన గొంతు. ఎంతో మర్యాదగా ఉంది. "బాపిరాజు గారేనాండీ? మిమ్మల్ని ఒక్కసారి అభినందిద్దామనండి. మన పౌరుషం నిలబెట్టారు. మంచి పని చేశారు."

"నేను ఎస్సైని మాట్లాడుతున్నాను. ఆయన విరగ్గొట్టలేదండీ. పొరపాటున విరిగింది. విరగ్గొట్టిన మనిషి ఒప్పుకున్నాడు కూడా."



"అయ్యో," అన్నాడు పెద్దాయన. నిజంగానే దిగులుపడ్డాడు. "అలాగాండీ." ఫోన్ పెట్టేశాడు.

"తిట్టినవాళ్లలో ఇద్దరు మళ్లీ ఫోన్ చేసి సారీ చెప్పారండి," అన్నాడు బాపిరాజు. "మెచ్చుకున్నవాళ్లకే నమ్మబుద్ధి కావడం లేదు. వాళ్లు నన్ను వదలరండి. పంతొమ్మిదేళ్లుగా నేనిక్కడ తినిపించి బతికాను. నేను వాళ్ల మనిషినెలా అవుతాను?"

లోపలికి వెళ్లి నల్ల రంగు డబ్బా, బ్రష్షు, అదే స్టూలు తెచ్చాడు. బోర్డు మీది ఫోన్ నంబరు చెరిపేయాలి. స్టూలు వేశాడు. ఒక కాలు పైన పెట్టి ఆగిపోయాడు. ఎదుటి కిటికీ వైపు చూశాడు. సందు రెండు వైపులా చూశాడు. ఎక్కలేకపోయాడు.

"ఏమైంది?"

"సార్, ఒక్క అయిదు నిమిషాలు ఇక్కడ నిలబడతారా? ఎవరైనా ఫొటో తీస్తే పక్కన మీరూ ఉంటారు."

సిద్దిరాములు టోపీ సరిగా పెట్టుకున్నాడు. రెండు చేతులతో స్టూలు పట్టుకుని నిలబడ్డాడు.