పీట మాత్రం మిగిలింది

ఉదయం ఆరింటికి రేపల్లె చేపల మార్కెట్‌లో దొంగతనం బయటపడింది.

పోయింది వెంకటసుబ్బులు కత్తిపీట. అదీ సగమే. కత్తి ఊడదీసి పట్టుకుపోయారు. పీట అక్కడే ఉంది.

"మా అత్త చేతి కత్తండి. అది లేకపోతే నాకు బేరమే లేదు. పక్క కొట్టు వీరాంజనేయులే తీశాడు!" వెంకటసుబ్బులు మార్కెట్ దద్దరిల్లేలా అరిచింది.

ఎస్సై ఉషశ్రీకి ఈ ఊళ్లో ఇదే మొదటి కేసు. పేరు తెచ్చుకోవాలని ఆమెకు మా చెడ్డ తొందర.

"నిన్న మధ్యాహ్నం నుంచి ఎక్కడున్నావు?" అని వీరాంజనేయుల్ని అడిగింది.

"బాపట్లలో పెళ్లండి. ఇందాకే బస్సు దిగా. కావాలంటే ఫోటోలు చూడండి" అన్నాడు వీరాంజనేయులు.

ఉషశ్రీ వెంకటసుబ్బులు వైపు తిరిగింది. "మీ ఇంట్లో ఎవరెవరు?"

"నేనూ, మా అబ్బాయి బాబీ. అమ్మాయి నాగదుర్గ బర్మింగ్‌హామ్‌లో చదువుతా ఉందండి. ఆఫీసులో పార్ట్‌టైమ్ కూడా చేస్తంది." అంత ఏడుపులోనూ ఆ చివరి మాట నలుగురికీ వినపడేలా అంది.

ఉషశ్రీ గొంతుక్కూర్చుని పీటను పరీక్షించింది. బోల్టులు స్పానర్‌తో నింపాదిగా విప్పారు. తర్వాత, కొరియర్ ఆఫీసు తెరిచే వేళకు, తెనాలికి ఫోన్ చేసింది. కేసు తేలిపోయింది. బాబీని పక్కకు పిలిచి మందలిస్తే సరిపోయేది. అలా చేస్తే చూసేదెవరు? అందరినీ ఐస్ పెట్టెల దగ్గరకు పిలిపించింది.

"పీట ఎందుకు మిగిలింది? దొంగయితే మొత్తం ఎత్తుకుపోతాడు. బరువు తగ్గించుకోవాల్సినవాడే బోల్టులు విప్పుతాడు. అంటే పార్శిల్! బాబీ, నిన్న తెనాలి కొరియర్ ఆఫీసులో బర్మింగ్‌హామ్‌కి ఏం పంపావు?"

బాబీ ముఖం పాలిపోయింది.

"అక్కకి ఎక్కడా పని దొరకలేదండి. ఆఫీసనేది అబద్ధం. చివరికి బెంగాలీల చేపల షాపులో రమ్మన్నారు. మనం కత్తి కదపం కదండి, చేపనే కదుపుతాం. అక్కడ చాకుతో కొయ్యబోతే మొదటిరోజే వేలు తెగింది. అమ్మ కత్తయితే కోస్తాను, పీట అక్కడే చేయించుకుంటానంది. అమ్మకి చెప్పొద్దని ఒట్టేయించుకుంది."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. "ఆఫీసంట!"

ఉషశ్రీకి సిగ్గుతో చచ్చినంత పనైంది. దొంగను పట్టుకుందామని వచ్చి, ఒక ఇంటి పరువు సంతలో పెట్టింది.

వెంకటసుబ్బులు ముందు వీరాంజనేయులుకు దణ్ణం పెట్టింది. "తప్పైపోయింది అన్నయ్యా." తర్వాత ఉషశ్రీతో, "ఈ మాట నా చెవిలో చెప్పుంటే పోయేది కదమ్మా" అంది.



అక్కడ ఇంకా తెల్లారకపోయినా బాబీ వీడియో కాల్ కలిపాడు. తల్లి వెనక మార్కెట్టంతా కనబడేసరికి నాగదుర్గ చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"ఏదే, ఆ వేలు చూపించు" అంది వెంకటసుబ్బులు. "దాచకమ్మా. ఇక్కడ అందరికీ తెలిసిపోయింది."