నలభై ఒకటో అల్లుడు

"పెళ్లి చేసుకోవాలి," అన్నాడు పెద్దాయన.

పదిహేడు తలెత్తి చూశాడు. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని ఆ నంబరుతోనే పిలుస్తారు. పన్నెండేళ్ల సర్వీసులో అతనికి రకరకాల ఆర్డర్లు వచ్చాయి. దూకమన్నారు, మునగమన్నారు, ఒకసారి పది రోజులు మూగవాడిలా బతకమన్నారు. కాపురం చెయ్యమని మాత్రం ఎవరూ అనలేదు.

"ఎవర్ని సార్?"

పెద్దాయన ఒక ఫొటో బల్ల మీదుగా తోశాడు. నల్ల కోటు, పొట్టి జుట్టు, కెమెరాని ఎగతాళి చేస్తున్నట్టున్న కళ్లు. "మిణుగురు. ఒక విదేశీ ముఠాకి పనిచేసేది. ఇప్పుడు మనకీ చేస్తోంది. కాసేపు ఇటు వెలుగు, కాసేపు అటు వెలుగు. నమ్మకు, కానీ భర్తలా ఉండు."

బ్రీఫింగ్ నాలుగు నిమిషాలు. ముఠా తన మనుషుల్ని మన పాస్‌పోర్టులతో పక్కదేశంలోకి దించుతోంది. అక్కడి వాళ్లతో దొంగ పెళ్లి, భార్య తరఫున స్పాన్సర్‌షిప్, పర్మనెంట్ రెసిడెన్సీ కార్డు. కార్డు చేతికొచ్చాక ఆ మనుషుల్లో ఒకడు నగరపు మంచినీళ్ల ప్లాంటులో కంట్రోల్‌రూం ఉద్యోగానికి వెళతాడు. క్లోరిన్ వాల్వు అతని చేతిలో ఉంటుంది. మనుషులు చస్తారు, నెపం మన మీద పడుతుంది.

"నలభై పెళ్లిళ్లు అయ్యాయని లెక్క. నీది నలభై ఒకటోది, అక్కడి పౌరురాలైన మిణుగురుతో. ముఠా దృష్టిలో నువ్వు వాళ్ల మనిషివే, మిణుగురు అలా చెప్పింది. వాల్వు మనిషి ఎవడో తెలీదు. ముఠా పెద్ద ఎవరో అసలే తెలీదు. లోపలికెళ్లి కనుక్కో."

"ఆమెకీ తెలీదా?"

"ఫోన్లో గొంతు మాత్రమే తెలుసంటోంది." పెద్దాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. "అబద్ధమైతే ఆ సంగతి అందరికంటే ముందు నీకే తెలుస్తుంది. లేదా నీకే తెలీదు."

*

పదకొండు నెలలు గడిచాయి.

రెండు గదుల ఫ్లాట్. పదిహేడు ఫ్రిజ్ మెకానిక్ వేషంలో ఉన్నాడు. మీసం పెంచాడు, నడుం చుట్టూ స్పాంజి పట్టీతో పొట్ట తెచ్చుకున్నాడు. వేషం కోసం నేర్చుకున్న పని నిజంగానే వచ్చేసింది, వీధిలో సగం ఫ్రిజ్‌లు అతని చేతి చలవతోనే నడుస్తున్నాయి. కాపురం చెయ్యడం మాత్రం రాలేదు. ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషి ముఖంలో ఎప్పుడూ ఏదో వెతకడమే. ఆమె నవ్వితే ఎందుకు నవ్విందని, నవ్వకపోతే ఏం దాస్తోందని. మనసుకి నిలకడ లేదు. కుర్చీలో పది నిమిషాలు కూర్చోలేడు. జేబులో ఒక ఫ్రిజ్ మరమేకు వేసుకుని వేళ్లతో తిప్పుతూ తిరుగుతాడు.

ముఠా తరఫున కాగితాలు చూసే కన్సల్టెంట్ ఒక షీటు ఇచ్చాడు. నూట పన్నెండు ప్రశ్నలు, జవాబులు. మొదట ఎక్కడ కలిశారు? మంచంలో ఎవరు ఏ పక్క? టూత్‌బ్రష్ ఏ రంగు? ఇద్దరూ బట్టీ పట్టారు. పెళ్లి ఫొటోల ఆల్బం కూడా కన్సల్టెంటే ఏర్పాటు చేశాడు. అందులో పెళ్లికూతురి తల్లిగా ఒక ముసలావిడ, కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. "అద్దె మనిషి, రోజుకింతని తీసుకుంటుంది," అన్నాడు కన్సల్టెంట్.

ఇంటర్వ్యూ నిన్న జరగాల్సింది. అధికారిణికి జలుబు చేసింది, నిన్నటివాళ్లందర్నీ ఈ రోజుకి తోశారు.

ఇమిగ్రేషన్ ఆఫీసులో వెయిటింగ్ హాలు కిటకిటలాడుతోంది. ప్లాస్టిక్ కుర్చీలు, టోకెన్ నంబర్ల బోర్డు, ప్రతి ఒడిలోనూ ఒక ఆల్బం. పదిహేడు చొక్కా రెండో బొత్తాం కెమెరా. చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్.

"పదిహేడూ," అంది చెవిలో పెద్దాయన గొంతు. "ప్లాంటులో కొత్త ఉద్యోగి ఈ రోజు రెండింటికి చేరుతున్నాడట. పేరు పంపలేదు. కార్డు రాగానే పంపుతారట. అంటే మనం వెతికేవాడు ఆ హాల్లోనే ఉన్నాడు."

"రెండొందల మంది ఉన్నారు సార్."

"అయితే రెండొందల మందినీ చూడు."

"ఎవరితో గొణుగుతున్నావ్?" అంది పక్కనుంచి మిణుగురు.

"ప్రశ్నలు నెమరేసుకుంటున్నాను."

"ఆ మర తిప్పడం ఆపు. దొరికిపోయిన దొంగలా ఉన్నావ్."

అతను మర జేబులో వేశాడు. తల తిప్పాడు. ఎడమ పక్క కుర్చీలో నీలం టై కట్టిన యువకుడు, అతని భార్య. ఆమె ఒడిలో ఆల్బం తెరిచి ఉంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు, వాళ్ల వెనక కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్న ముసలావిడ.

తన అత్తగారు.

పదిహేడు వంగి మళ్లీ చూశాడు. వెంటనే సర్దిచెప్పుకున్నాడు. అద్దె మనిషి కదా, నాలుగు పెళ్లిళ్లకి వెళుతుంది, అందులో వింతేముంది? ఒక ఆల్బం పక్కన ఇంకో ఆల్బం పెట్టి చూసేవాళ్లు ఈ ఆఫీసులో ఎవరూ లేరు. ఏ గది ఫైలు ఆ గదిలోనే మూతపడుతుంది. నిన్న ఇంటర్వ్యూ అయిపోయి ఉంటే తనూ చూసేవాడు కాదు.

అప్పుడే కాఫీ మెషీన్ దగ్గర్నుంచి ఆవిడే వచ్చింది. పెళ్లినాటి తెల్ల జుట్టు లేదు. వణుకు లేదు. నిటారుగా, నల్ల రంగేసిన జుట్టుతో, చేతిలో పేపర్ కప్పుతో. నీలం టై పక్కన కూర్చోబోతూ పదిహేడుని చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత వంగి, ముద్దుగా, చాలా మెల్లగా అంది:

"అల్లుడూ, నువ్వు నన్ను చూళ్లేదు. నీ నంబరు పిలిచేదాకా గోడ చూస్తూ కూర్చో."

అద్దె మనిషి అయితే కంగారుపడుతుంది. బాబ్బాబు, ఎవరికీ చెప్పకు అని బతిమాలుతుంది. ఈవిడ ఆజ్ఞాపించింది. ఆ గొంతులో కాదనేవాణ్ని ఎప్పుడూ ఎరగని తీరిక ఉంది. పదిహేడుకి ఒక్కసారిగా మొత్తం అర్థమైంది. ముఠా పెద్ద ఈవిడే. ఎవర్నీ నమ్మని మనిషి, బయటివాళ్లని ఫొటోల్లోకి రానివ్వకుండా ప్రతి పెళ్లికీ తనే తల్లిగా నిలబడింది. తను దించే ప్రతి మనిషి ముఖమూ తనే కళ్లారా చూసుకుంది. ఆ అతిజాగ్రత్తే ఆమె ముఖాన్ని నలభై ఒక్క ఆల్బంలలో అంటించింది. ఈ రోజు స్వయంగా నీలం టై వెంట వచ్చిందంటే వాల్వు మనిషి వాడే.

అతను మిణుగురు వైపు చూశాడు. ఆమె ముఖం తెల్లబోయి ఉంది. ఫోన్లో గొంతు మాత్రమే తెలుసంది. ఆ గొంతుని ఇప్పుడే గుర్తుపట్టిందా? పెళ్లినాడు ఈవిడ ఒక్క మాటా మాట్లాడలేదు, ఏడ్చింది అంతే. లేక మొదట్నుంచీ తెలుసా? పదకొండు నెలలు ఆ ముఖాన్ని చదివాడు. అవసరమైన ఈ క్షణంలో ఒక్క అక్షరమూ కనిపించడం లేదు.

"టోకెన్ డెబ్బై మూడు!"

నీలం టై, అతని భార్య లేచి మూడో గదిలోకి వెళ్లారు. గాజు తలుపు. ఆల్బం తిరగేస్తున్న అధికారిణి వీపు కనిపిస్తోంది. మూడు నిమిషాలు. ఐదు. అధికారిణి ముక్కు తుడుచుకుని డ్రాయర్లోంచి స్టాంపు తీసింది.

పదిహేడు లేచాడు. మిణుగురు అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. "కూర్చోండి."

ఆ "అండీ" హాలు కోసమా, తనకోసమా, అత్తగారి కోసమా? ఆలోచించే టైం లేదు. విదిలించుకుని తమ ఆల్బం చంకన పెట్టుకుని మూడో గది తలుపు తోసేశాడు.

"మేడమ్! ఆగండి! వీడి అత్తగారు మా అత్తగారు!"

"బయటికి నడవండి. ఇంటర్వ్యూ జరుగుతోంది." స్టాంపు గాల్లోకి లేచింది.

"నాకు కబురైనా చెప్పకుండా ఇంకో అల్లుణ్ని తెచ్చుకుందండీ! ఇది ఎక్కడి న్యాయం?"

"ఎవరయ్యా నువ్వు? పిచ్చా?" నీలం టై కుర్చీలోంచి లేచాడు. "ఆవిడ మా అత్తగారు!"

"నీకు ఎన్నాళ్లుగా అత్తగారు? నాకు పదకొండు నెలలుగా!"

స్టాంపు కిందికి దిగుతోంది. పదిహేడు తన ఆల్బం తెరిచి నీలం టై దరఖాస్తు మీదికి విసిరాడు. టప్. అధికారిణి చెయ్యెత్తింది. ఫొటోలో ముసలావిడ నుదుటి మీద ఎర్రగా, గుండ్రంగా ముద్ర: "ఆమోదించడమైనది."

అధికారిణి ఆ ముఖం చూసింది. పక్కనున్న ఆల్బంలో ముఖం చూసింది. మళ్లీ ఇది, మళ్లీ అది. తుమ్ము వచ్చింది, ఆపుకుంది. బల్లకింద మీట నొక్కింది.

హాల్లో అత్తగారు అప్పటికే లేచింది. పరుగు లేదు, తొందర లేదు, కప్పు చెత్తబుట్టలో వేసి మరీ తలుపు వైపు నడిచింది. తలుపు దగ్గర మిణుగురు నిలబడి ఉంది.

"తప్పుకో అమ్మాయీ," అంది అత్తగారు.

గాజు వెనకనుంచి పదిహేడు చూస్తున్నాడు. మిణుగురు ఒక అడుగు పక్కకి వేసింది. దారి ఇస్తోంది. అయిపోయింది.

అంతలో ఆమె రెండు చేతులూ చాచి అత్తగారి మెడకి చుట్టేసింది.

"అమ్మా! ఇంతమందికి అమ్మవని నాకొక్క ముక్క చెప్పలేదేంటే! నాన్నకి తెలుసా?"

"వదులు! ఏంటీ నాటకం!"

"వదలనే అమ్మా! మళ్లీ ఎప్పుడు కనపడతావో!"

హాలంతా చూస్తోంది. వెనక వరసలో ఒకామె కళ్లు కూడా తుడుచుకుంది. అత్తగారు మోచేత్తో పొడిచింది, మడమతో తొక్కింది. ఏడుస్తున్న కూతురి పట్టు సడలలేదు. నలుగురు గార్డులు వచ్చి విడదీసేసరికి మిణుగురు పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. అత్తగారి హ్యాండ్‌బ్యాగులోంచి నలభై ఒక్క సిమ్ కార్డులు నేలమీద పడ్డాయి.

*

సెక్యూరిటీవాళ్లు వచ్చారు, నీలం టైని తీసుకెళ్లారు, అధికారిణితో తలుపు వేసుకుని మాట్లాడి వెళ్లిపోయారు. పదిహేడు స్పాంజి పట్టీ విప్పేద్దామనుకుంటుండగా బోర్డు మీద వాళ్ల నంబరు వెలిగింది.

"ఇంకా ఇంటర్వ్యూ ఏంటి మేడమ్?" అన్నాడు.

"మీరు మంచివాళ్లని వాళ్లు చెప్పారు," అంది అధికారిణి టిష్యూ మడుస్తూ. "అయితే నాకేంటి? దరఖాస్తు పెట్టారు, నేను తేల్చాలి. నా ఫారంలో ఉన్నది ఒకటే గడి. కాపురం నిజమా, కాదా? మీ ఆవిడ్ని పక్కగదిలో అడిగేశాను. ఒకే ప్రశ్న. మీ భార్యకి మీమీద ఉన్న పెద్ద ఫిర్యాదేంటి?"

నూట పన్నెండులో అది లేదు. పదిహేడు మనసులోనే ఫైలంతా గాలించాడు. ఆమె చెప్పుల సైజు తెలుసు, ఆమె పాత పాస్‌పోర్టు నంబర్లు తెలుసు. ఫిర్యాదు? వేళ్లు జేబులో మర కోసం తడుముకున్నాయి.

ఒక సాయంత్రం ఆమె గిన్నెలు కడుగుతూ, వెనక్కి తిరక్కుండా అన్న మాట వినిపించింది. ఆ రోజు దాన్ని రిపోర్టులో ప్రాముఖ్యం లేనిదని రాశాడు.

"నేను..." చెయ్యి జేబులోంచి తీశాడు. "తను మాట్లాడుతుంటే నేను వినను. రికార్డు చేస్తాను. అదీ ఆమె ఫిర్యాదు."

అధికారిణి పక్కగదిలోంచి తెచ్చిన కాగితం చూసింది. అతనికి చూపించలేదు. స్టాంపు తీసి, ఈసారి అటూ ఇటూ చూసి, గట్టిగా కొట్టింది.

"అత్తగారు దొంగ. సంసారం అసలుదే. రెండేళ్లు ఒకే ఇంట్లో ఉండాలి, లేకపోతే కార్డు రద్దు. తర్వాతి టోకెన్!"

బయట మెట్ల మీద ఇయర్‌పీస్ గరగరలాడింది. "శభాష్! సాయంత్రం ఫ్లైటుకి వచ్చెయ్. ఆమెని అక్కడే వదిలెయ్. తలుపు దగ్గర అడుగు పక్కకి ఎందుకు వేసిందో నాకింకా అనుమానమే."

"రాలేను సార్. రెండేళ్లు ఉండాలట. రూలు."

"నీకు కార్డెందుకయ్యా?"

పదిహేడు ఇయర్‌పీస్ తీసి చేతిలో పట్టుకున్నాడు. కింది మెట్టు మీద కూర్చుని మిణుగురు పెదవికి చేతిరుమాలు అద్దుకుంటోంది.

"మీవాళ్లేనా?" అంది.

"ఊఁ. వచ్చెయ్యమంటున్నారు."

"మావాళ్లూ ఫోన్ చేశారు. రెండేళ్లు నీతోనే ఉండమన్నారు."

ఏ మావాళ్లో ఆమె చెప్పలేదు. పదిహేడూ అడగలేదు. అన్నీ ఇవాళే అడిగేస్తే, మిగిలిన రెండేళ్లూ ఏం మాట్లాడుకుంటారు?