బిళ్ల వెనక సూది

పొద్దున్నే మంచం పట్టిన భర్తకి గడ్డం గీసి, మెడ కింద తువ్వాలు తీస్తుండగా హాల్లోంచి కూతురి గొంతు వినబడింది.

"అమ్మా, నాన్న చొక్కాకి పెట్టుకునే పార్టీ బిళ్ల ఇలా ఇవ్వు. రేపు మ్యూజియం వాళ్లకి అప్పజెప్పాలి."

ఆవిడ తువ్వాలు పక్కన పడేసి హాల్లోకి వచ్చింది.

కూతురి ఉద్యోగమే అది. పాత జెండాలు, బిళ్లలు, ఎన్నికల పోస్టర్లు ఎవరైనా తెస్తే ఏది అసలో ఏది నకిలీయో తేల్చి, విలువ కట్టి సంతకం పెడుతుంది. ఉద్యమంలో జైలుకెళ్లినవాళ్ల వస్తువులకి మ్యూజియంలో ఒక గది కేటాయించారట. నాన్న బిళ్ల అక్కడ ఉండి తీరాలని పట్టుబట్టింది. మంచం మీంచి ఆయన "వద్దులేవే" అన్నా వింటేగా!

ఆ బిళ్ల ఆయనది కాదు. ఆ సంగతి తనొక్కదానికే తెలుసని ఆవిడ నమ్మకం. పోలీసులు పట్టుకెళ్లేటప్పుడు ఆయన "ఇది జాగ్రత్త" అని బిళ్లని ఆవిడ చేతిలో పెట్టి వెళ్లాడు. మర్నాడు సోదా చేస్తామని వాళ్లే వచ్చి తలుపులు బాదుతుంటే, కడుపులో పిల్లతో వణికిపోతూ దాన్ని పెరటి నూతిలో పడేసింది. ఆయన విడుదలయ్యే ముందు అచ్చం అలాంటిదే గుట్టుగా చేయించింది. ఇప్పుడీ చివరి రోజుల్లో ఆయనకి తెలిస్తే ఏ మొహం పెట్టుకుని ఎదురుగా కూర్చోవాలి?

తల్లి తెచ్చిచ్చిన బిళ్లని కూతురు వెనక్కి తిప్పి భూతద్దం పెట్టింది.

"అమ్మా, ఆనాటి బిళ్లలు నా చేతికి చాలా వచ్చాయి. అన్నిటికీ సూది ఎడమవైపుకి తెరుచుకుంటుంది. దీనికేమో కుడివైపుకి. ఇది తర్వాత చేసింది."

"మెల్లగా మాట్లాడవే! ఆయన వింటారు."

"అంటే... నీకు తెలుసా?"

"నేనే చేయించాను. నీకు దండం పెడతాను, అసలుదేనని సంతకం పెట్టెయ్."

"ఎలా పెడతానమ్మా? రేపు ఇంకొకరు కనిపెడితే? నాన్న దొంగ బిళ్ల పెట్టుకు తిరిగాడంటారు!"

"అయితే దీన్నీ నూతిలో పడెయ్! ఒకదాన్ని నేను పడేశాగా!" అని అరిచేసి, నోరు రెండు చేతులతో మూసుకుంది.

లోపల్నుంచి దగ్గు. ఆ తర్వాత, "ఇటు రండి ఇద్దరూ."

వెళ్లారు. ఆయన భార్య వైపే చూశాడు.

"ఆనాటి బిళ్లలన్నిటికీ సూది టంకం పెట్టింది నేనేనే. నాది ఎడమచేతి వాటం కదా, అందుకే అన్నీ అటు తెరుచుకుంటాయి. నేను తిరిగొచ్చిన రోజు నువ్వు చేతిలో పెట్టగానే తెలిసిపోయింది."

"తెలిసీ ఒక్క మాటైనా అడగలేదేంటండీ?"

"నిన్నెంత భయంలో వదిలేసి వెళ్లానో దాన్ని చూస్తేనే అర్థమైంది. మళ్లీ ఏమని అడగను?"

జైలు నుంచి వచ్చాక మీటింగుకి వెళ్లే ప్రతిసారీ ఆయన "నువ్వే గుచ్చవే" అని ఎదురుగా నిలబడేవాడు. ముద్దు చేస్తున్నాడని మురిసిపోయేది, పిచ్చిది. తనే గుచ్చుకుంటే ఈ కుడివైపు సూదితో ఎడమచేయి తడబడుతుందని, అది ఆవిడ కంట పడుతుందని ఆయన బాధ! ఆవిడ మంచంపట్టె మీద తల ఆన్చి భోరుమంది.

"నకలనే రాస్తాను నాన్నా," అంది కూతురు కళ్లు తుడుచుకుంటూ. "ఎవరు చేయించారో, ఎందుకో కూడా."

"నేను పోయాక తీసుకెళ్లు. ఇప్పుడు మీ అమ్మని గుచ్చమను."

చొక్కా ఆయన ఒంటి మీద వేలాడుతోంది, లోపల ఎముకలు తప్ప ఏమీ లేవు. ఆవిడ బిళ్ల ఆన్చి సూది దూర్చింది.

"గుచ్చుకుందా అండీ?"

"గుచ్చుకుంటే ఈసారి చెప్తాలే."