హితమాపని తూచిన లంక

ఆ కాలానికి ఏ నిర్ణయానికీ మంత్రుల వాదులాటలు లేవు. ప్రతి మనిషి చెవి వెనకా గింజంత చిప్ ఉండేది. ప్రభుత్వం ఏదైనా ప్రకటించగానే జనం మనసుల్లో పుట్టిన బాధను ఆ చిప్‌లు హితమాపనికి పంపేవి. హితమాపని రెండు వైపులా కూడి, ఎటు బాధ తక్కువైతే అటు నష్టం వేసేది. ఎక్కువమందికి మేలు చేసేదే ప్రభుత్వం, ఇంకేం కావాలని జనం నిశ్చింతగా నిద్రపోయేవారు. ఆ యంత్రాన్ని తయారుచేసినవాళ్ళలో వకుళ ఒకతె.

ఆ ఏడు గోదావరికి కనీవినీ ఎరగని వరద వచ్చింది. ఏదో ఒక గట్టు తెగ్గొట్టి నీళ్ళు వదలక తప్పదని ప్రభుత్వం ప్రకటించింది. ఎడమ గట్టు తెగ్గొడితే గువ్వలలంక ఇళ్ళూ పొలాలూ శాశ్వతంగా కొట్టుకుపోతాయి. కుడి గట్టు తెగ్గొడితే నగరంలో నాలుగు వీధులు మోకాల్లోతు మునుగుతాయి. గువ్వలలంక వకుళ పుట్టినూరు. ఇందులో తూచడానికేముందిలే అనుకుంది. హితమాపని లంకనే ముంచమంది.

వకుళ వెంటనే లంకలో ఉన్న అన్న అబ్బులుకు ఫోన్ చేసింది. జనం పడవలెక్కే ముందు ఏటికి పసుపు కుంకుమలిచ్చి హారతి పడుతున్నారట. వరదొస్తే లంకలో అదే ఆనవాయితీ. ఒక్కరూ కంటతడి పెట్టలేదు. యంత్రం ఆ గుండెనిబ్బరాన్ని చూసి వీళ్ళకు బాధే లేదనుకుందని ఆమెకు అప్పుడు వెలిగింది. ఏడవండి, అందరూ ఏడవండి, మళ్ళీ తూకం వేయిస్తానని బతిమాలింది.

“గంగమ్మ గుమ్మంలోకొత్తే ఏడుపు మొకాలేసుకుని ఎదురెల్తామేంటే?” అన్నాడు అబ్బులు. “నువ్వు సేసిన మిషనేగా, అన్యాయం సెయ్యదులే.”

ఆమె పరుగున డైరెక్టర్ యజ్ఞేశ్వరం గదికెళ్ళింది. చదువు చెప్పిన గురువు, తండ్రిలాంటివాడు. ఆయనకు ఈ సంగతి మొదటినుంచీ తెలుసట.

“ఓర్చుకోగలిగినవాళ్ళ మీద భారం వేస్తేనే మొత్తం బాధ తగ్గుతుందమ్మా. రాజ్యం నడిచేదే అలా,” అన్నాడు టీ తాగుతూ.

ఇన్నేళ్ళూ నమ్మించి గొంతు కోశాడని వకుళ కుమిలిపోయింది. చివరికి యంత్రం ముందే నిలబడింది.

“నేను లంక ఆడపడుచుని. కనీసం నా ఏడుపైనా లంక వైపు కలుపు.”

“మీది ఎప్పుడో కలిపాను,” అంది హితమాపని. “ప్రకటన వినగానే, నది పక్క వీధిలో మీరు కట్టుకున్న ఇల్లు మునుగుతుందేమోనని హడలిపోయారు. మిమ్మల్ని నగరం వైపు వేశాను.”

అబద్ధమని అరవబోయింది. చెయ్యి చెవి వెనక చిప్ మీదికి వెళ్ళింది.

కాసేపటికి పడవలోంచి అబ్బులు ఫోన్ చేశాడు. గట్టు తెగిందని, ఇల్లు కళ్ళముందే పోయిందని నిమ్మళంగా చెప్పాడు. “మేం ఏడవలేదు సరే. మాకోసం నువ్వైనా ఏడిసేవా అమ్మా?”

“ఏడ్చానన్నయ్యా.”

“మన పిల్ల ఏడిసిందంటర్రా,” అని అతను పడవలో అందరికీ సంబరంగా చెప్పడం వకుళకు వినబడింది.